ఎస్తేరమ్మ ప్రభుత్వానికి ఇచ్చిన అప్పు

ఈ అధ్యాయాన్ని నా జ్ఞాపకాల్లో చేర్చకూడదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. చేర్చక తప్పని అవసరం ఈమధ్యనే వచ్చింది. కిందటి నెల పోస్టాఫీసుల్లో నాతో పనిచేసి విరమించిన మిత్రులు కొందరు విజయవాడలో నాకొక చిన్న సన్మానం చేశారు. ఎనభైకి దగ్గరపడినవాళ్లందరికీ వరసగా చేసుకుపోతున్నారు; నా వంతు వచ్చింది. ఆ సభలో మాట్లాడిన ఒక యువ అధికారి, తాను ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణ తరగతిలో నా గురించి విన్న సంగతి ఒకటి చెప్పాడు. "సేవింగ్స్ పత్రం పట్టుకుని ఒకావిడ వచ్చిందటండీ. సార్‌కి తెలిసిన మనిషేనట. అయినా గుర్తింపు కాగితం సరిగా లేదని చెల్లించలేదు. ఎంత బతిమాలినా చెల్లించలేదు. రూలంటే రూలే! ఈ రోజుల్లో అలాంటివాళ్లు ఏరండీ?" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టారు. నేను శాలువా సర్దుకుని చేతులు జోడించాను. లేచి నిలబడి, "నాయనా, నువ్వు విన్నది తప్పు" అని ఉండవలసింది. అనలేదు. ఒక మనిషికి నేను చేసిన అన్యాయం నలభై ఏళ్లకు పైగా నా సుగుణంగా చలామణీ అవుతున్నదని ఆ రోజే నాకు తెలిసింది. జరిగినదాన్ని జరిగినట్టు రాసి ఉంచడం తప్ప ఆ చలామణీని ఆపే మార్గం నాకు తోచలేదు.

అప్పట్లో మేము గవర్నర్‌పేటలో ఒక సందులో, మేడ కింది వాటాలో అద్దెకు ఉండేవాళ్లం. మా నాన్నగారు పామర్రు దగ్గర ఒక ఊళ్లో హెడ్మాస్టరుగా పనిచేసి విరమించి, నాకు ఉద్యోగం రాగానే అమ్మను తీసుకుని బెజవాడ వచ్చేశారు. ఆయనకు బంగారం మీద నమ్మకం లేదు, పొలం మీద లేదు, చిట్టీల మీద అసలే లేదు. ప్రభుత్వం మీద మాత్రం అపారమైన నమ్మకం. జీతంలో మిగిలిన ప్రతి రూపాయీ ప్రభుత్వ రుణపత్రాల్లోనూ పోస్టాఫీసు సర్టిఫికెట్లలోనూ పెట్టారు. పింఛను వచ్చిన రోజు సాయంత్రం ఆ పత్రాల పెట్టె తెరవడం మా ఇంట్లో ఒక వ్రతం. ఆయనకు పొడుము అలవాటుండేది. ఆ వేళ్లతో పత్రాలు ముట్టకూడదని సున్నిపిండితో చేతులు రుద్ది కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని, పడమటి కిటికీ దగ్గర చాప వేసుకుని కూర్చునేవారు. పెట్టె మూత తీయగానే కలరా ఉండల వాసన గదంతా నిండేది. మంగళగిరి పంచె ముక్కలో చుట్టిన ఆ కట్టను విప్పి, ఒక్కొక్క పత్రం నంబరూ పైకి చదివితే, అమ్మ చీటీ పట్టుకుని "ఉంది" అనాలి. అన్నీ ఉన్నాయని తేలాక ఆయన ముఖంలో కనిపించిన తృప్తి నేను మరెక్కడా చూడలేదు.

"మీ చెల్లెలుగారు మూడు పేటల గొలుసు చేయించుకుందిట. నన్ను ఈ కాయితాలు మెళ్లో వేసుకుని పేరంటానికి వెళ్లమంటారా?" అని అమ్మ దెప్పేది.

"ఆ గొలుసు దొంగెత్తుకుపోతాడే. నీ కాయితం వాడికెందుకూ?" అనేవారు నాన్నగారు. "అప్పు చేసేవాళ్లు అందరూ ఏదో ఒకనాడు చచ్చిపోతారు. సర్కారు చావదు. అలాంటి బాకీదారు నీకు ఎక్కడ దొరుకుతాడు చెప్పు!"

బారేజీ మీద నడిచి సీతానగరం వైపు వెళ్లినప్పుడల్లా ఆయన ఒకచోట ఆగి, "మన డబ్బు ఊరికే లేదురా. ఈ తలుపుల్లో ఏదో ఒకదానికి ఒక బోల్టు మనది" అని నవ్వేవారు. పాఠం చెప్పడం ఆయనకు నరనరానా జీర్ణించుకుపోయిన అలవాటు. ప్రభుత్వం అప్పు చేస్తుందనీ, ఆ అప్పుతో కాలవలూ వంతెనలూ కడుతుందనీ, ఇచ్చినవాడికి గడువు నాటికి వడ్డీతో తిరిగి ఇస్తుందనీ, కాబట్టి పొదుపు చేసే ప్రతివాడూ ప్రభుత్వానికి రుణదాత అనీ ఆ బారేజీ మీదే నాకు బోధపరిచారు. నేను ఆ మాటలు నమ్మాను. ఇప్పటికీ వాటిలో తప్పు ఉందని అనను. ఆ ప్రభుత్వం తరఫున బల్ల దగ్గర కూర్చునేది ఎవరన్న సంగతి మాత్రం నేను ఆలోచించలేదు.

నేను పనిచేసినది ఒక చిన్న పోస్టాఫీసు. కరిగిన లక్క వాసన, జిగురు సీసా చుట్టూ మూగే చీమలు, రోజంతా ముద్ర కొట్టే చప్పుడు; ఎండాకాలం కొండల మీంచి దిగే సెగకు కాగితాలు అప్పడాల్లా వంకర్లు తిరిగేవి. సేవింగ్స్ బల్ల నాది. అంకె పక్కన అంకె నిలువుగా పడితే తప్ప నాకు అన్నం సయించేది కాదు. ప్రతి ఏడూ మార్చి వచ్చేసరికి పై నుంచి ఒక లక్ష్యం వచ్చేది: ఇన్ని వేల రూపాయల సర్టిఫికెట్లు అమ్మాలి అని. లైసెన్సు కోసం వచ్చినవాడి చేతా, పర్మిట్ కోసం వచ్చినవాడి చేతా పత్రాలు కొనిపించడం చుట్టుపక్కల ఆఫీసులన్నిటిలోనూ రివాజు. మాకు అలాంటి అధికారాలు లేవు కాబట్టి మేమే జనంలోకి వెళ్లి అమ్మవలసి వచ్చేది. ఒక ఏడు మార్చి చివరి ఆదివారం నాటికి మా ఆఫీసు లక్ష్యంలో సగం కూడా చేరలేదు. "నీకు మాటకారితనం ఉంది. ఆసుపత్రి వెనక పేటలో ప్రార్థన అయ్యేవేళకు వెళ్లు. నెలజీతాలవాళ్లు ఉన్నారు అక్కడ" అని మా పోస్టుమాస్టరుగారు నన్ను పంపించారు.

ఆ ఆసుపత్రిలో పనిచేసే ఆయాలు, వార్డుబాయిలు, స్వీపర్లు కట్టుకున్న చిన్న ప్రార్థన మందిరం అది. తాటాకు పందిరి కింద బల్ల వేశారు. వాళ్ల పాస్టరుగారు నన్ను పరిచయం చేసి పక్కన కూర్చున్నారు. నేను మా నాన్నగారి పాఠం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. బోల్టు సంగతి కూడా చెప్పాను. ముందు వరసలో తెల్లచీర కట్టుకున్న ఒకావిడ లేచి నిలబడింది. నలభై ఏళ్లు ఉంటాయి. ఆసుపత్రిలో ఆయా. భర్త రైల్వేలో గ్యాంగుమన్‌గా చేస్తూ పోయాడని తరవాత తెలిసింది.

"అంటే బాబుగారూ, గవర్నమెంటు నాకాడ అప్పు తీసుకుంటదా అండీ?" అని అడిగింది.

"అంతే మరి" అన్నాను.

"ఓలమ్మో! ఎస్తేరమ్మా, ఇహ నువ్వు కలెక్టరుగారి బంగళాకి పోయి వడ్డీ ఏదీ అని గుమ్మంలో కూకోవచ్చు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. పందిరంతా నవ్వింది.

"నవ్వితే నవ్వండి. అందరికాడా నేను అప్పు తెచ్చుకునేదాన్నే గానీ, నాకాడ ఎవురడిగారు ఇప్పటిదాకా? పెద్దోడే అడుగుతుంటే ఇయ్యనా?" అని ఎస్తేరమ్మ కొంగు ముడి విప్పింది. భర్త పోయినప్పుడు వచ్చిన సొమ్ములో ఖర్చులు పోను మిగిలింది అదేనట. ఇంట్లో ఉంటే కరిగిపోతుందని, ఏ వేళ ఎవరు ఎత్తుకుపోతారోనని నడుముకు కట్టుకునే తిరుగుతోంది. "నా పెద్దపిల్ల రూతు మూడో క్లాసండీ. దాన్ని నర్సు చెయ్యాలని నాకు. నేను గిన్నెలు కడిగే చోట అది తెల్లటోపీ పెట్టుకుని తిరగాల. ఏడేళ్లకి ఇస్తారంటన్నారుగా, సరీగ్గా సరిపోద్ది" అంది. లెక్క కుదరదని నాకు తోచింది. మూడో తరగతి పిల్ల ఏడేళ్లకు నర్సు ట్రైనింగుకు వెళ్లలేదు. తరవాత తెలిసింది, మూడో ఫారం అనబోయి మూడో క్లాసు అన్నదని. పిల్ల అప్పటికే ఎనిమిదిలో ఉన్నది. నేను అడగలేదు. ఏడేళ్ల లోపల ఆ పిల్ల చదువుకు ఆ సొమ్ము అక్కర పడుతుందేమోనని కూడా విచారించలేదు. నాకు కావలసింది ఆ రోజు సంతకం.

అర్జీ రాయడానికి పేరు అడిగాను. ఆవిడ కొంచెం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"బాబుగారూ, మందిరంలో నా పేరు ఎస్తేరమ్మండీ. ఆసుపత్రి కాయితాల్లో, రైల్వే కాయితాల్లో నాగమ్మండీ. పిల్లకి కూడా అంతే, ఇంట్లో రూతు, బళ్లో రత్నకుమారి. ఏది రాయించమంటారో మీరే చెప్పండి. చదువుకున్నోరు."

ఇప్పుడు ఇది రాస్తూ ఆవిడ అన్న ఈ మాట దగ్గర నేను చాలాసేపు కలం ఆపాను. ఆ రోజు ఆవిడ వెనక వరసలో ఇంకా ముప్పైమంది నిలబడి ఉన్నారు. మధ్యాహ్నం దాటితే వాళ్లు డ్యూటీలకు వెళ్లిపోతారు. "ఏ పేరైతే ఏముంది? పత్రం నీ చేతిలోనే ఉంటుందిగా. అందరూ పిలిచే పేరే రాద్దాం" అని నేను ఎస్తేరమ్మ అని రాశాను. ఆవిడ నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నేను "నువ్వు" అన్నాను, ఆవిడ "మీరు" అన్నది. ఆ రోజుల్లో అది ఎవరికీ వింతగా తోచేది కాదని చెప్పుకుని తప్పించుకోవచ్చు. పత్రంతో పాటు గుర్తింపు చీటీ అని ఒకటి ఇచ్చే ఏర్పాటు ఉండేది. అందులో కొన్నవాళ్ల సంతకమో వేలిముద్రో ఉంటుంది. అది చూపిస్తే ఎక్కడైనా ప్రశ్న లేకుండా సొమ్ము ఇస్తారు. ఒక్కొక్క చీటీ రాయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. తరవాత ఆఫీసుకు వచ్చి తీసుకోండని అందరికీ చెప్పాను. ఆవిడ వచ్చింది. ఏప్రిల్ మొదటి వారం, లెక్కల ముగింపులో ఉన్నాం, మళ్లీ రమ్మన్నాను. ఆవిడ మళ్లీ రాలేదు. నేనూ చీటీ రాసి ఉంచలేదు. మా ఆఫీసు లక్ష్యాన్ని దాటింది. పోస్టుమాస్టరుగారు మాకందరికీ మైసూర్‌పాకు పెట్టించారు.

రెండు పేర్ల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. కృష్ణా జిల్లాలో ఎందరో నిరుపేదలు క్రైస్తవం తీసుకున్నారు. మతం మారినందువల్ల వాళ్లు చేసే పని మారలేదు, ఉండే పేట మారలేదు, పై కులాలవాళ్లు వాళ్లను చూసే చూపు మారలేదు. కాగితం మీద హక్కు ఒక్కటే మారేది. హరిజన సర్టిఫికెట్టు, దానితో వచ్చే సీటు, ఉపకారవేతనం, మతం మారినట్టు రుజువైతే పోయేవి. అందుకే ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు. దాన్ని మోసమని అనే పెద్దమనుషులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను.

ఏడేళ్లు గడిచాయి. నేను బందరులోనూ గుడివాడలోనూ పనిచేసి, సేవింగ్స్ బల్లకు పై ఉద్యోగిగా మళ్లీ అదే ఆఫీసుకు వచ్చాను. పత్రాల చెల్లింపు నా సంతకంతోనే జరిగేది. ఒక జూన్ నెల ఉదయం ఎస్తేరమ్మ వచ్చింది. జుట్టు సగం నెరిసింది గానీ నేను చూడగానే పోల్చాను. ఈ మాట స్పష్టంగా రాస్తున్నాను: చూడగానే పోల్చాను. ఆవిడ నవ్వుతూ పత్రం బల్ల మీద పెట్టింది.

"నా బాకీ వసూలుకొచ్చానండీ. గవర్నమెంటు బాగుందా?" అంది. "రూతుకి గుంటూర్లో నర్సు ట్రైనింగు సీటొచ్చిందండీ. ఇంటర్ అయిపోయి మూడేళ్ల నించి చూస్తన్నాం. శుక్రారం లోపల చేరాలంట. మెస్సుకీ, గుడ్డలకీ, పుస్తకాలకీ కట్టాలంట. ఇయ్యాల మంగళారమండీ."

ఆ వారం మా ఆఫీసులో తనిఖీ జరుగుతోంది. ఇన్‌స్పెక్టరుగారు నా వెనక గదిలోనే రిజిస్టర్లు తిరగేస్తున్నారు. తలుపు తీసే ఉంది. నా పనితీరు మీద నివేదిక రాయవలసినది ఆయనే. ఆ నివేదిక బాగుంటేనే నేను ఇన్‌స్పెక్టరు పరీక్షకు కూర్చోగలను. నేను గుర్తింపు అడిగాను. ఆవిడ ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితం తీసింది. అందులో నాగమ్మ అని ఉంది. చెల్లించే ఉద్యోగికి స్వయంగా తెలిసిన మనిషైతే, ఆ మాట రాసి సంతకం పెట్టి చెల్లించవచ్చునని రూలులోనే ఉంది. ఒక వాక్యం, ఒక సంతకం. కానీ అది రాస్తే, పేర్లు వేరని తెలిసే ఆ రోజు అర్జీ ఎందుకు రాశావు, చీటీ ఎందుకు ఇవ్వలేదు అని అడుగుతారు. ఆ ఆదివారం హడావిడిగా రాసిన పత్రాలన్నీ బయటికి వస్తాయి.

"పేర్లు కలవడం లేదు" అన్నాను.

"మీరేగదండీ రాసింది!" అంది ఆవిడ. గొంతు సహజంగానే పెద్దది. వెనక గదిలో కాగితాలు తిప్పే చప్పుడు ఆగింది.

"నేను రోజుకి వందమందికి రాస్తాను."

"పందిట్లోనండీ. బారేజీ బోల్టని చెప్పారు. నేను రెండు పేర్లూ చెప్పాను, అందరూ పిలిచే పేరే రాద్దామన్నారు, నా పక్కన సువార్తమ్మ కూడా ఉంది..."

ఇన్‌స్పెక్టరుగారు గుమ్మం దాకా వచ్చారు. "ఏమిటండీ? మీకు తెలిసిన మనిషేనా?" అని అడిగారు.

"ఎక్కడో చూసినట్టుంది సార్. అంతకుమించి తెలియదు" అన్నాను. "ఇద్దరూ ఒకటేనని మెజిస్ట్రేటు దగ్గర ప్రమాణపత్రం తెస్తే చెల్లిస్తామని చెబుతున్నాను."

"కరెక్ట్" అన్నారు ఆయన. లోపలికి వెళుతూ, "ఇలా ఉండాలయ్యా" అని మిగతావాళ్లతో అన్నారు. సన్మానసభలో నేను విన్న కథ పుట్టింది ఆ క్షణంలో.

ఎస్తేరమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. ఆ కథలో బతిమాలినట్టు ఎవరు చేర్చారో నాకు తెలియదు. ఆవిడ పత్రాన్ని మడత మీద మడత పెట్టి, "తీసుకునేటప్పుడు నా మొకం చాలిందండీ మీకు. ఇచ్చేటప్పుడు చాల్లేదు" అని మాత్రం అని వెళ్లిపోయింది. మర్నాడు పాస్టరుగారు రాసిన ఉత్తరం పట్టుకుని వచ్చింది. అది చెల్లదన్నాను. అప్పుడు ఆవిడ బల్ల మీదికి వంగి నెమ్మదిగా చెప్పింది: "మీరు చెప్పిన పెమాణం నేను చెయ్యలేను బాబుగారూ. నాగమ్మే ఎస్తేరమ్మని కోర్టులో రాసిస్తే పిల్ల సీటు పోద్ది. ఆ సీటు హరిజన కోటాలో వచ్చింది. సీటు ఉంచుకోనా, డబ్బులు తీసుకోనా?" నేను రూలు పుస్తకం వైపు చూస్తూ, "నేను చేయగలిగింది ఏమీ లేదమ్మా" అన్నాను. అబద్ధాల్లో అది రెండోది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి నాన్నగారికి చెప్పాను. మెచ్చుకుంటారనే చెప్పానని ఒప్పుకోవాలి. ఇన్‌స్పెక్టరు ఏమన్నారో కూడా చెప్పాను. ఆయన మజ్జిగ పోసుకోబోతున్నవారు ఆగిపోయారు.

"ఆవిణ్ణి నువ్వు ఎరుగుదువా, ఎరగవా?"

"ఎరుగుదును."

"పత్రం ఆవిడదేనా?"

"ఆవిడదే. నేనే రాశాను."

"మరి ఎరగనని ఎందుకన్నావు?"

నేను రూలు చెప్పబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. "ఒరే, సర్కారు చావదని నేను మీ అమ్మకు ముప్పై ఏళ్లు చెబుతూ వచ్చాను. సర్కారంటే ఢిల్లీలో ఉండేదనుకున్నాను. అది ఆ బల్ల దగ్గర కూర్చున్న నువ్వేనని ఇవాళే తెలిసింది" అని విస్తరి మడిచి లేచిపోయారు. అమ్మ ఆయన వెనకాల మజ్జిగ గిన్నె పట్టుకుని వాకిలి దాకా వెళ్లి తిరిగి వచ్చింది. నా వైపు చూడలేదు. ఆ తరవాత పింఛను రోజున పెట్టె తెరిచినప్పుడు ఆయన నంబర్లు పైకి చదవడం మానేశారు. కళ్లతోనే చూసుకుని కట్టేసేవారు.

ఆ మాట విన్న రోజే నేను వెళ్లి ఉండవలసింది. బుధవారం, ఇంకా రెండు రోజుల గడువు ఉంది. నేను తనిఖీ ముగిసేదాకా ఆగాను. నివేదిక పంపారని తెలిసేదాకా ఆగాను. పన్నెండు రోజుల తరవాత, అన్నీ సవ్యంగా ఉన్నాయని నిశ్చయమయ్యాక, ఆసుపత్రి వెనక రేకుల వరసలో ఎస్తేరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆవిడ ముక్కాలి పీట కొంగుతో తుడిచి వేసింది. మంచినీళ్లు ఇవ్వనా అని అడగలేదు. అడిగితే నేనేమంటానో ఆవిడకు తెలుసు. నాకూ తెలుసు. రేపు ఆఫీసుకు వస్తే నేను ఎరుగుదునని రాసి చెల్లించేస్తానని చెప్పాను.

"పిల్ల చేరిందండీ" అంది ఆవిడ. "కమ్మలు అమ్మాను. చాలకపోతే మార్కెట్టు కాడ వడ్డీకి తెచ్చాను. రోజూ సాయంత్రం వచ్చి తీసుకుపోతాడు."

"ఈ సొమ్ముతో ఆ అప్పు తీరిపోతుందిగా."

"తీరుద్దండీ. కానీ మీ ఆపీసులో అంతమందిలో రెండు పేర్లని నేను అరిచేశాను. ఇప్పుడు మీరు సంతకం పెట్టి ఇచ్చారనుకోండి, మొన్న ఇయ్యంది ఇయ్యాల ఎట్టా ఇచ్చారని ఎవురన్నా ఒక అర్జీ పడేస్తే? పిల్లని ట్రైనింగులోంచి లాగేస్తారు. అది అయిందాకా నేను ఆ కాయితం బయటికి తియ్యను." కొంచెం ఆగి, ఎవరినీ నొప్పించని గొంతుతోనే, "మీ గవర్నమెంటు వాడుకోనీండి బాబుగారూ. అప్పు ఇచ్చినోళ్లం మేం ఆగగలం" అంది.

నేను లేచి వచ్చేశాను. క్షమించమని అడగలేదు. ఆ మాట నోటిదాకా వచ్చిందని ఇప్పుడు రాసుకుంటే గౌరవంగా ఉంటుంది గానీ, రాలేదు. ప్రభుత్వానికి అప్పు ఇచ్చిన మనిషి రోజువారీ వడ్డీకి అప్పు తెచ్చుకుని కూతుర్ని చదివించింది. ఆ ఏడే నేను ఇన్‌స్పెక్టరు పరీక్షలో ఉత్తీర్ణుడినయ్యాను.

ఆ తరవాతి సంగతి చెప్పడం నాకు ఇంకా కష్టం. ఇన్‌స్పెక్టరుగా నేను ఆ ఆఫీసు తనిఖీకే మూడుసార్లు వెళ్లాను. పత్రాల చెల్లింపు రిజిస్టరు నా బల్ల మీదే ఉండేది. ఎస్తేరమ్మ పత్రం నంబరు నాకు కంఠస్థం, ఇప్పటికీ చెప్పగలను. ఆ పేజీ తిప్పితే, కూతురు చదువు ముగిశాక ఆవిడ వచ్చి సొమ్ము తీసుకున్నదో లేదో ఒక్క నిమిషంలో తెలిసిపోయేది. మూడుసార్లూ ఆ రిజిస్టరును నా కింది ఉద్యోగి చేత పరీక్ష చేయించాను. అంకెలు నిలువుగా పడకపోతే అన్నం సయించని మనిషిని, ఆ ఒక్క అంకె చూడకుండా ఉద్యోగం ముగించాను. నాన్నగారు పోయిన తరవాత ఆయన పత్రాలు పట్టుకుని వారసుడిగా మరో పోస్టాఫీసుకు వెళ్లినప్పుడు, అక్కడి గుమాస్తా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, "మిమ్మల్ని ఎరగనివాళ్లు ఎవరండీ" అని గంటలో అన్నీ చెల్లించేశాడు. రెండు పత్రాల్లో నాన్నగారి ఇంటిపేరు లేదు. పేరు ముందు పొడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి. ఆ గుమాస్తా చూసి, నవ్వి, సంతకం పెట్టాడు. నేను ఆ సొమ్ము తెచ్చుకున్నాను. ఆ రోజైనా నాకు ఎస్తేరమ్మ గుర్తు రాలేదు. గుర్తు రాలేదన్నది నిజమో, రానివ్వలేదన్నది నిజమో నేను తేల్చుకోలేను.

ఇప్పుడు మా మనవరాలు ప్రభుత్వ బాండ్లు కొంటుంది. ఫోను మీద వేలు ఆనించి, కాఫీ చల్లారే లోపల కొనేస్తుంది. పెట్టె లేదు, పత్రం లేదు, కలరా ఉండల వాసన లేదు. మనిషికి ఒక గుర్తింపు అంకె ఉంది. ఆ అంకె ఉంటే ఏ బల్ల దగ్గరా ఎవరి దయా అక్కర్లేదని ఆ పిల్ల అంటుంది. ఆ అంకె ఆనాడే ఉండి ఉంటే ఎస్తేరమ్మకు మేలు జరిగేదా అని ఆలోచించాను. జరిగేదని చెప్పలేను. ఒకే పేరుతో ఆవిణ్ణి కట్టిపడేసే యంత్రం అయితే కూతురి సీటు ఆ రోజే పోయేది. ఆవిడకు కావలసినది యంత్రమూ కాదు, దయా కాదు. ఎదురుగా కూర్చున్నవాడు తనకు తెలిసిన నిజాన్ని తెలుసునని చెప్పడం. అప్పటి పద్ధతిలో దానికి చోటు ఉంది. రూలులోనే రాసి ఉంది. పద్ధతి చెడ్డది కాబట్టి తప్పు జరిగిందని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఇందులో నేను పొరపడిన చోట్లు ఉంటే చదివినవాళ్లు దయచేసి దిద్దాలి. తనిఖీ జరిగింది జూన్‌లో అని రాశాను; జూలై కావచ్చు. పందిట్లో ఎస్తేరమ్మ పక్కన ఉన్నది సువార్తమ్మే అని రాశాను, మరొకరు కావచ్చు. మా పోస్టుమాస్టరుగారి పిల్లలెవరైనా చదివి మైసూర్‌పాకు పెట్టించింది ఆయన కాదంటే ఒప్పుకుంటాను. సభలో మాట్లాడిన ఆ యువకుడు చదివితే, ఇకముందు ఎక్కడైనా ఆ కథ చెప్పేటప్పుడు ఇలా మార్చి చెప్పమని కోరుతున్నాను. ఆసుపత్రి వెనక వరసలో ఉన్నవాళ్లు గానీ, ఆ మందిరానికి వెళ్లినవాళ్లు గానీ, నర్సుగా ఎక్కడో పనిచేసి విరమించి ఉండవలసిన రత్నకుమారిగారే గానీ దీన్ని చూస్తే, వాళ్లను ఒకటి అడుగుతున్నాను. ఆవిడకు ఆ సొమ్ము ముట్టలేదని అర్థం వచ్చేటట్టు నేను రాశాను. నిజం తెలిసి రాయలేదు. ముట్టిందని మీకు తెలిస్తే, నా రాత తప్పని ఒక కార్డు ముక్క రాయండి. ముట్టలేదని తెలిసినా రాయండి.